ఫకీరప్ప అడిగిన అయిదు ఇళ్ళు

“వాటా తీస్కుంటవా, కుర్చీ ఇడిసిపెడ్తవా? రెండిట్ల ఒకటి చెప్పు,” అన్నాడు మల్లేశ్వర్.

సింధుజ పాచికను అరచేతిలో దొర్లిస్తూ, “రెండూ చెయ్య,” అంది.

“గట్లెట్ల కుదుర్తది?”

“కుదరదని నువ్వంటున్నవు అన్నా. నేనంటలే.”

తాండూరు నుంచి యాలాల్ పోయే రోడ్డు పక్కన మల్లేశ్వర్ వాళ్ళ నాన్నకు బండలు పాలిష్ చేసే యూనిట్ ఉంది. ఆదివారం మిషన్లు నడవవు. ఆరు రోజుల రొద ఆగి, గాలిలోని తెల్లటి దుమ్ము కిందికి దిగి, వెనకగదిలో నలుగురు కూర్చుని మాట్లాడుకునేంత నిమ్మళం దొరుకుతుంది. రెండేళ్ళుగా ప్రతి ఆదివారమూ మధ్యాహ్నం వాళ్ళు నలుగురూ అక్కడ ఆట ఆడుతున్నారు. ఇటుకల మీద పరిచిన పెద్ద నాపరాయి పలకే వాళ్ళ టేబులు. దాని మీద సుద్దముక్కతో గళ్ళు గీసి గుహలూ, వంతెనలూ, కోటగోడలూ వేసుకుంటారు. ఆట అయ్యాక తడిగుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే రాజ్యం రాజ్యమే మాయమవుతుంది.

ఆట పెద్ద చిక్కుదేం కాదు. సెల్‌ఫోన్లు బాగుచేసే అజహరుద్దీన్ కథ చెబుతాడు. మిగతా ముగ్గురూ ఆ కథలో తలా ఒక మనిషై, ఎదురొచ్చిన కష్టానికి తామేం చేస్తారో చెబుతారు. చేసింది కుదిరిందా బెడిసిందా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. మల్లేశ్వర్ ఆ కథలో వజ్రకాయుడనే కత్తివీరుడు. అజహరుద్దీన్ చెల్లెలు షీరీన్, బళ్ళో లెక్కలు చెప్పే అమ్మాయి, బిజిలీ అనే విలుకత్తె. సింధుజ మాత్రం ఫకీరప్ప అనే ముసలి మాంత్రికుడు.

ఆ ఫకీరప్పతోనే వచ్చింది పేచీ అంతా. మొదటిరోజున పాత్ర వివరాలు రాసుకునే కాగితం అడుగున సింధుజ ఒక ఒట్టు రాసింది: పొద్దుగూకే వేళకు జోలెలో ఏదీ మిగలకూడదు. తిండి అయితే తినెయ్యాలి, లేదంటే ఇచ్చెయ్యాలి. బంగారం అసలే వద్దు. మాంత్రికులు మంత్రాలను ఖరీదైన గ్రంథంలో రాసుకోవాలని ఆట నియమం. కొత్త మంత్రం కావాలంటే సిరాకూ తోలుకాగితాలకూ బంగారం పోయాలి. ఫకీరప్పకు గ్రంథం లేదు, గొంగడి ఉంది. గొంగడి అంచున ముడి వేసి మంత్రాన్ని అందులో కడతాడు. “చల్‌తా, నడుస్తది,” అని అజహరుద్దీన్ ఆనాడే ఒప్పుకున్నాడు. కానీ కొనలేని మంత్రాలు కొనలేనివే. ఫకీరప్ప ఈడు మాంత్రికులు నిప్పులు కురిపిస్తుంటే, ఆయన ఇంకా దీపం వెలిగించడం, తలుపు మూయడం, మనుషులను నిద్రపుచ్చడం దగ్గరే ఉన్నాడు.

“పోయిన వారం దొరికిన అగ్ని ఉంగరం ఎవనికిచ్చినవ్?” మల్లేశ్వర్ గొంతు పెంచాడు. “పడవోనికి! ఏరు దాటిచ్చినందుకు! వాడిప్పుడు దాంతోని చేపలు కాల్చుకుంటుండు!”

“హోటల్ గూడ పెట్టిండు,” అన్నాడు అజహరుద్దీన్ పుస్తకంలోంచి తలెత్తకుండా. “మస్తు నడుస్తుంది.”

షీరీన్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మల్లేశ్వర్ నవ్వలేదు.

అతని కోపానికి కారణం వచ్చే ఆదివారం. వికారాబాదులో ఒక ఫంక్షన్ హాల్లో పోటీ ఉంది. ఆరు జట్లు. కాపాడిన జనానికి కొన్ని మార్కులు, ఆట ముగిసేసరికి ఒక్కొక్కరి సంచీలో ఉన్న బంగారానికి కొన్ని. ఒకరి వాటా ఇంకొకరు మోయకూడదు. పైగా ఇళ్ళలో ఆడుకునే పాత్రలతోనే ఆడాలి. అక్కడ చచ్చినవాడు చచ్చినట్టే, మళ్ళీ లేవడు. వాటా వద్దనే మనిషిని వెంటబెట్టుకుని పోతే బంగారం మార్కుల్లో మూడోవంతు గంగలో కలిసినట్టేనని మల్లేశ్వర్ లెక్క. అందులో తప్పేమీ లేదు. సింధుజ వాటా తీసుకుంటే సరి, లేదంటే పోటీ అయిన మరుసటి ఆదివారం నుంచి ఆ కుర్చీలో తన బామ్మర్ది శ్రీశైలం కూర్చుంటాడు. గది తనది, కుర్చీలు తనవి.

“మస్తు ఆలోచించి చెప్తున్న,” అన్నాడు చివరికి, కొంచెం తగ్గి. “కోపానికి గాదు.”

“నాకు తెలుసు,” అంది సింధుజ. “నేను గూడ కోపానికి గాదు.”

* * *

సింధుజది యాలాల్ దగ్గరి ఊరు. వాళ్ళవి గొర్రెలు. ఆమె డిగ్రీ చదివి, తాండూరులో ఒక జిరాక్స్ సెంటర్లో టైపు చేస్తుంది. సెలవుచీటీలు, అఫిడవిట్లు, పెళ్ళిపత్రికలు, ఇల్లు ఖాళీ చెయ్యమని నోటీసులు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరో పక్కన నిలబడి చెబుతుంటారు, ఆమె వేళ్ళు కొడుతుంటాయి. ఆరు రోజుల్లో ఆమె కొట్టిన లక్ష మాటల్లో ఆమెది ఒక్కటీ ఉండదు. ఆదివారం మూడు గంటలు మాత్రం ఆమె ఒక మాట అంటే ఒక లోకంలో అది జరుగుతుంది. ఆ మూడు గంటలు పోతాయంటే ఆమెకు భయం లేకపోలేదు. ఆ భయానికి లొంగి ఫకీరప్ప చేత బంగారం మోయిస్తే, ఆ తర్వాత కుర్చీ ఉన్నా అందులో కూర్చునేది తను కాదని మాత్రం ఆమెకు రూఢిగా తెలుసు.

ఫకీరప్పను ఆమె గాలిలోంచి పుట్టించలేదు. ఏడేళ్ళప్పుడు జ్వరం దిగకపోతే, నాయనమ్మ బుగ్గమ్మ పీర్లకు మొక్కుకుంది, పిల్ల బతికితే అయిదేళ్ళు ఫకీరును చేస్తానని. పీర్ల పండుగ రోజుల్లో మెడలో ఎరుపూ పచ్చా దారాలు వేసి, చేతికి చిన్న గిన్నె ఇచ్చి, అయిదిళ్ళు తిప్పేది. ఎవరేం పెట్టినా కాదనకూడదు. వేసింది వాళ్ళు వెనక్కి తీసుకోకూడదు. తెచ్చింది తెల్లారేదాకా ఇంట్లో ఉండకూడదు, అదే రోజు రొట్టెలు నలిపి బెల్లం కలిపి మలీద ముద్దలు చేసి వాడకంతా పంచెయ్యాలి.

“ఎనభై గొర్లున్నయ్ మనకు. మనమెందుకు అడుక్కోవాలె?” అని పిల్ల ఉడుక్కునేది.

“అడుక్కో. ఏం కాదు,” అనేది బుగ్గమ్మ. “ఒక ఇంటి ముంగట చెయ్యి చాపినంక, రేపు గా ఇంటోళ్ళతోని కొట్లాడనీకి నోరు రాదు నీకు. వాళ్ళకూ రాదు.”

ఇది సింధుజ ఆ గదిలో ఎవరికీ చెప్పలేదు. చెబితే మల్లేశ్వర్ మెత్తబడతాడని తెలుసు. అతను చెడ్డవాడు కాడు. కానీ జాలితో దక్కిన కుర్చీ ఆమెకు అక్కర్లేదు.

* * *

ఆదివారం పొద్దున తాండూరు నుంచి పాసింజరు బండి ఎక్కారు నలుగురూ. ఎవరో పెద్దాయన అడగకుండానే కందిపప్పు మూటను కాళ్ళ కిందికి లాక్కుని షీరీన్‌కు చోటిచ్చాడు. ధారూర్ దాటాక కిటికీలోంచి అనంతగిరి గుట్టల పచ్చదనం కనిపించేసరికి అందరి బెంగా కాసేపు సర్దుకుంది. షీరీన్ ఖిచిడీ డబ్బా తెరిచింది. మల్లేశ్వర్ దాని మూతలో రెండుసార్లు పెట్టించుకుని, మూతను నీళ్ళతో కడిగి, చేతికందిన సింధుజ సంచీలో తనే పెట్టాడు. వాటా మాట మాత్రం ఇద్దరూ ఎత్తలేదు.

హాల్లో ఆరు టేబుళ్ళు, గోడల వెంట చూడవచ్చినవాళ్ళు. పోటీ నడిపేది దేవిక అనే ఆవిడ, హైదరాబాదు నుంచి వచ్చింది. ప్రతి జట్టుకూ ఒక చిన్న డబ్బా ఇచ్చారు. అందులో నీలం గోళీలు గాయాలు మాన్పే మందుసీసాలు, పసుపుపచ్చ గుండీలు బంగారం.

“ఈ హాలంతా ఇవాళ ఒకటే పట్నం అనుకోండి,” అంది దేవిక మైకులో. “మీ ఆరు టేబుళ్ళూ ఆ పట్నంలో ఆరు వాడలు. ఎగువన ఆనకట్ట తెగింది. నీళ్ళొస్తున్నాయి, నీళ్ళతోపాటు నీటిరాకాసులు వస్తున్నాయి. మీ వాడలో అరవైమంది ఉన్నారు. పొద్దు మునిగేలోగా వాళ్ళను వంతెన దాటించి గుట్ట ఎక్కించండి.”

ఎవరి జట్టుకు వాళ్ళవాళ్ళే కథ నడపాలి గనక అజహరుద్దీన్ గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. వాడలో ఒక షావుకారు ఇల్లుంది, తలుపులు తీసి ఉన్నాయి. వజ్రకాయుడు ముందు అందులోకే దూరాడు. గుండీలు మూడు కుప్పలయ్యాయి. మల్లేశ్వర్ ఒక కుప్పను సింధుజ ముందుకు తోశాడు.

సింధుజ దాన్ని అక్కడే ఉండనిచ్చి, “ఫకీరప్ప ముట్టడు,” అంది.

“గిదే ఆఖరుసారి అడుగుడు.”

“గిదే ఆఖరుసారి చెప్పుడు.”

మల్లేశ్వర్ కుప్పను అక్కడే వదిలేశాడు. ఎవరి సంచీలోకీ పోని బంగారం ఎవరికీ మార్కు కాదు. మొదటి గంటలో ఇరవైమంది జనం వంతెన దాటారు. ఆ తర్వాత నీళ్ళు పెరిగాయి. బిజిలీకి భుజం చీలింది. మందుసీసాలు ఒకటొకటే అయిపోయాయి. ఫకీరప్ప రోజుకు ఇన్నిసార్లని ఉన్న మంత్రాలన్నీ వాడేశాడు. నాలుగు రాకాసులను నిద్రపుచ్చాడు, మూడు తలుపులు మూశాడు, చీకటి పడ్డ సందులో దీపం వెలిగించి పదిమంది పిల్లలను నడిపించాడు. ఇక ఆయన చేతిలో ఏమీ లేదు.

“ఫకీరప్పా, నీ వంతు,” అన్నాడు అజహరుద్దీన్. “ఏం జేస్తవ్?”

సింధుజ బండ మీదిలాగే గీసి ఉన్న కాగితాన్ని చూసింది. ఇంకా ముప్పైమంది ఇవతలే ఉన్నారు.

“అడుక్కుంట.”

“ఎవ్వరిని?”

“పక్క వాడలోళ్ళను,” అంది. అని, ఖిచిడీ డబ్బా మూత సంచీలోంచి తీసి, లేచి నిలబడింది.

అజహరుద్దీన్ నవ్వబోయి, ఆమె నిజంగానే నడిచిపోతుంటే నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ఆమె మనసులో అనుమానమే లేదు. హాలంతా ఒకటే పట్నమని మైకులో చెప్పారు. పట్నమన్నాక ఇళ్ళుంటాయి. తన వాడ పోను అయిదున్నాయి.

మొదటి టేబులు దగ్గర అంతా ఒకే రంగు టీషర్టులు వేసుకున్న కాలేజీ పిల్లలు. “అయ్యా, తల్లీ, ఫకీరొచ్చిండు,” అంది సింధుజ, మూత చాపి. “మా వాడల ముప్పైమంది నీళ్ళల్ల ఉన్నరు. ఉన్నదాంట్ల జరంత పెట్టుండ్రి.”

వాళ్ళు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఒకడు ఫోను తీశాడు. వాడి పక్కనున్న అమ్మాయి మాత్రం నవ్వు ఆపి, తమ డబ్బాలోంచి ఒక నీలం గోళీ తీసి మూతలో వేసింది. “మాకు రెండే ఉన్నాయి అక్కా,” అంది, ఇచ్చాక. “ఫరవాలేదులే.”

రెండో టేబులు వికారాబాదువాళ్ళది. మందు లేదు గానీ తాడుంది అన్నారు. తాడు అని రాసిన అట్టముక్క మూతలో పడింది. మూడో టేబుల్లో నల్లకళ్ళద్దాలు నెత్తికి పెట్టుకున్న మనిషి తల కూడా ఎత్తలేదు. “చేతులు ఖాళీ లేవు. పోమ్మా, పో. మా ఆట పాడుచెయ్యకు.”

“నీ ఇల్లు సల్లగుండ,” అంది సింధుజ. చిన్నప్పుడు కాదన్న ఇంటి ముందు నాయనమ్మ అనిపించిన మాట అదే. వెటకారంగా అంటే మొక్కు చెడుతుందని అప్పుడు చెప్పింది. ఇప్పుడూ వెటకారం లేకుండానే అంది.

నాలుగో జట్టు కర్ణాటక నుంచి, సేడం నుంచి వచ్చింది. వాళ్ళలో పెద్దాయన ఆమె చేతిలో మూతను, ఆమె నిలబడ్డ తీరును చూసి కుర్చీలోంచి లేచాడు. “ఏం పేరమ్మా మీ ఫకీరుది?”

“ఫకీరప్ప.”

“మా తమ్ముడి పేరు గూడ అదే,” అన్నాడాయన, సంబరంగా. “తగోరి, తగోరి, తీసుకోండి,” అంటూ రెండు గోళీలు వేసి, నుదుటికి చెయ్యి తాకించుకున్నాడు.

అయిదో టేబులు చేరేసరికి దేవిక ఎదురొచ్చింది.

“ఏం చేస్తున్నారండీ మీరు?”

“అడుక్కుంటున్న మేడం.”

“ఇది పోటీ. ఒక టీము ఇంకో టీమును అడగకూడదు.”

“ఏ పేజీల ఉంది?”

దేవిక చేతిలోని కాగితాలు తిరగేసింది. ఆ నియమాలను సింధుజ తమ జట్టు కోసం తనే నాలుగు కాపీలు తీసి కుట్టింది. అందులో ఏముందో ఏం లేదో ఆమెకు ఎరుకే.

“రాయలేదు,” అంది దేవిక. “ఎవరైనా ఇలా చేస్తారనుకోలేదు గనక రాయలేదు.”

“హాలంతా ఒకటే పట్నమని మీరే అన్నరు.”

“అయ్యో, అది ఊరికే కథ కోసం అన్నానండీ.”

కాలేజీ పిల్లల వైపు నుంచి నవ్వు పుట్టి, టేబుళ్ళ మీదుగా పాకింది. సింధుజకు చెవులు వేడెక్కాయి. తను మాత్రమే నమ్మిందన్నమాట ఆ పట్నాన్ని. ఖిచిడీ మూత పట్టుకుని, నలభైమంది కొత్తవాళ్ళ మధ్య, నిజంగానే బిచ్చమెత్తుతూ నిలబడింది. మూత దించి వెళ్ళిపోవచ్చు. ఎవరూ ఏమీ అనరు. రెండు రోజుల్లో మరిచిపోతారు.

ఆమె మూత దించలేదు.

“కథ కోసమే నేను గూడ లేచిన మేడం,” అంది.

దేవిక మూత వైపు చూపించింది. “ఇచ్చినవి ఎవరివి వాళ్ళకు తిరిగి ఇచ్చెయ్యండి. ప్లీజ్.”

“ఇయ్యను. ఫకీరుకు ఏసింది ఎనకకు పోదు.”

“నేను మిమ్మల్ని పోటీలోంచి తీసెయ్యాల్సి వస్తుంది.”

“నేను తిరిగి తీసుకోను, ఇచ్చింది ఇచ్చిందే,” అని సేడం పెద్దాయన అక్కణ్ణుంచే అన్నాడు. “మేం కూడా తీసుకోం,” అంది గోళీ వేసిన అమ్మాయి, పక్కవాడు మోచేత్తో పొడుస్తున్నా.

దేవిక కాగితాలు మడిచింది. కఠినమైన మనిషేం కాదు, కానీ ఆరు జట్లకూ జవాబు చెప్పుకోవాల్సిన మనిషి. “సరే. అడుక్కొచ్చినవి వాడుకోండి. కానీ మీ టీముకు పది మార్కులు కోత. ఒప్పుకుంటారా?”

“కోసుకోండ్రి,” అంది సింధుజ.

“ఏయ్! పది మార్కులు!” మల్లేశ్వర్ కేక హాలు ఆ చివర నుంచి వినబడింది.

అయిదో టేబులువాళ్ళు అంతసేపూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. అడక్కముందే ఒక గోళీ మూతలో వేశారు.

* * *

ఆమె తిరిగి వచ్చేసరికి వజ్రకాయుడు పడి ఉన్నాడు.

వంతెన మొదట్లో ఒక్కడే నిలబడి రాకాసులను ఆపబోయాడట. అయిదుగురు జనాన్ని దాటించాడు, ఆరోవాణ్ణి తోస్తూ కూలిపోయాడు. కొనఊపిరితో ఉన్నవాడికి ఆటలో పాచికే దిక్కు. పదికి తక్కువ మూడుసార్లు పడితే ప్రాణం పోయినట్టే. మల్లేశ్వర్‌కు అప్పటికే నాలుగూ, ఏడూ పడ్డాయి. రెండేళ్ళ వజ్రకాయుడు. ఆ పేరు మొదటిసారి చెప్పినప్పుడు అందరూ నవ్వితే, అదే పేరుతో పట్టుబట్టి నెగ్గుకొచ్చిన వజ్రకాయుడు. మల్లేశ్వర్ ముందు పసుపుపచ్చ గుండీల కుప్ప మెరుస్తూ ఉంది. నీళ్ళు ముంచిన పట్నంలో వాటికి మందు అమ్మేవాడెవడూ లేడు.

సింధుజ మూతలోంచి ఒక గోళీ తీసింది. “తీస్కో అన్నా.”

“నాకొద్దు.”

“వద్దేంది, పాగల్!” అంది షీరీన్. “తొమ్మిది పడ్డా పోతడు!”

“ముష్టి మందు నాకొద్దు. హాలంత తిరిగి అడుక్కొచ్చింది. తాండూరోళ్ళు అడుక్కుతింటరని చెప్పుకుంటరు ఇగ. మా ఇజ్జత్ తీసింది.”

“ఇజ్జత్ వోతే నాది వోయింది,” అంది సింధుజ. గొంతు పెంచలేదు గానీ పక్క టేబులుకు వినబడింది. “నలభైమంది నవ్విండ్రు, నన్ను జూసి. నిన్ను జూసి గాదు. గోళీ మాత్రం నీకోసం తెచ్చిన. చెయ్యి చాపు, పెడ్త.”

“నువ్వే పొయ్యి నోట్లె. నీ వంతే గదా.”

“పొయ్య. వద్దన్నోని నోట్లె ఫకీరప్ప పొయ్యడు. కావాలంటే చెయ్యి చాపు. లేదంటే పాచిక ఎయ్యి.”

అజహరుద్దీన్ ఇద్దరినీ చూశాడు. కథ నడిపేవాడు ఎవరి పక్షమూ పట్టకూడదు. “మల్లేశన్నా,” అన్నాడు నెమ్మదిగా, “నీ వంతొచ్చింది. మందా, పాచికా?”

మల్లేశ్వర్ పాచిక తీసుకున్నాడు. వేళ్ళ మధ్య తిప్పాడు. సింధుజ లోపల్లోపల, వెయ్యకు, వెయ్యకు అనుకుంది. కుర్చీ పోగొట్టేవాడే, అయినా వజ్రకాయుడి కత్తి లేని ఆదివారపు బండను ఆమె ఊహించుకోలేకపోయింది.

పాచిక మెల్లగా కాగితం మీదికి దిగింది, వేసినట్టు కాదు, పెట్టినట్టు. తర్వాత అతని చెయ్యి టేబులు అంచున వెల్లకిలా తెరుచుకుంది, పూర్తిగా కాదు, సగమే.

సింధుజ గోళీ అందులో పెట్టి, అతని మొహం చూడకుండా, వెంటనే షీరీన్ వైపు తిరిగింది. “బిజిలీకి ఒకటి. తాడు వంతెనకు కడ్తున్న. అజ్జు భాయ్, ఎంతమంది ఉన్నరింక?”

“ఇరవై అయిదు,” అన్నాడు అజహరుద్దీన్.

వజ్రకాయుడు లేచాడు. తాడు పట్టుకుని జనం ఒకరి వెనక ఒకరు దాటారు. నడుమ ఒక ముసలామె జారితే మూడో గోళీ ఆమెకు పోయింది. చివరి పిల్లవాడు గుట్ట మీద కాలు పెట్టేసరికి అరవై లెక్క తేలింది. మూతలో ఇంకా ఒక గోళీ మిగిలింది. పొద్దు మునగడానికి ఒక్క వంతే ఉంది.

మూడో టేబులు దగ్గర గోల వినబడింది. నల్లకళ్ళద్దాల మనిషి వీరుడు కొట్టుకుపోతున్నాడు. సింధుజ లేచి వెళ్ళి, ఆ చివరి గోళీని వాళ్ళ కాగితం మీద పెట్టి, వెనక్కి వచ్చేసింది. ఈసారి దేవిక చూసీ చూడనట్టు మైకు తీగ సరిచేసుకుంది.

మార్కులు చదివారు. అరవైకి అరవైమందిని దాటించింది తాండూరు జట్టు ఒక్కటే. అయినా స్థానం మూడోది. పది మార్కుల కోత లేకుండా, ఫకీరప్ప సంచీలో ఒక వాటా ఉండి ఉంటే మొదటిదే. ఆ లెక్క మల్లేశ్వర్ ఒకసారి, షీరీన్ ఒకసారి వేసి చూశారు. రెండుసార్లూ అంతే వచ్చింది.

* * *

నలుగురూ తిరుగు బండి ఎక్కారు. తాండూరు ఇంకో పావుగంట ఉందనగా మల్లేశ్వర్ కిటికీ వైపు చూస్తూనే అన్నాడు:

“మాటంటే మాట. వచ్చే ఆదివారం శ్రీశైలం వస్తడు. వానికి చెప్పేసిన.”

“భయ్యా, చూడు ఈయన్ని!” అని షీరీన్ అన్న భుజం తట్టింది. అజహరుద్దీన్ ఊరుకోమని సైగ చేశాడు.

“రానియ్యి,” అంది సింధుజ. “నేను గూడ వస్త.”

“కుర్చీలు నాలుగే ఉన్నయ్.”

“కుర్చీ నేను అడగలే.”

మల్లేశ్వర్ జేబులోంచి చేతిరుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

ఆ వారమంతా సింధుజ టైపు చేస్తూనే ఉంది. ఒక రైతు కాలువ తగాదా గురించి అర్జీ రాయించుకున్నాడు. ఒకావిడ కూతురి పుట్టినరోజు బ్యానరు కోసం వచ్చింది. సాయంత్రాలు ఆటోలో ఊరికి పోతూ, ఆదివారం గది తలుపు దగ్గర ఏమనాలో నాలుగైదు రకాలుగా అనుకుంది. ఒక్కటీ నచ్చలేదు. ఏమీ అనక్కర్లేదని శనివారానికి తేలింది.

ఆదివారం ఆమె వెళ్ళేసరికి ముగ్గురూ ఉన్నారు. ఆమె కుర్చీలో ఒక సన్నటి యువకుడు కొత్త పెన్సిలు చెక్కుతున్నాడు. ఆమెను చూసి లేవబోయాడు. “కూసో,” అన్నాడు మల్లేశ్వర్. ఆ అబ్బాయి సగం లేచినవాడు సగంలోనే ఆగాడు.

సింధుజ బయటికి వెళ్ళింది. గోడ వారన కోతలో మిగిలిన ముక్కబండలు పేర్చి ఉన్నాయి. రెండు తెచ్చింది, మళ్ళీ వెళ్ళి ఇంకో రెండు తెచ్చింది. చేతులకు తెల్లటి దుమ్ము. షీరీన్‌కూ శ్రీశైలానికీ మధ్య వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, మీద కూర్చుంది. టేబులు బండ ఆమె గడ్డం దాకా వచ్చింది. ఫరవాలేదు, గీతలు కనిపిస్తున్నాయి.

“గది నాది,” అన్నాడు మల్లేశ్వర్.

“గది నీదే. ఎవరు గాదన్నరు?” అంది సింధుజ, ఫకీరప్ప కాగితం విప్పుతూ. “గుట్ట మాత్రం అజ్జు భాయ్‌ది. ఫకీరప్ప గా గుట్ట మీద అరవైమందితోని కూసున్నడు. వజ్రకాయుడు ఆయన్ని కిందికి నూకుతా అంటే నూకమను. పాచిక గక్కడే ఉంది.”

అజహరుద్దీన్ చేతులు కట్టుకున్నాడు. “న్యాయమే. నూకొచ్చు. ఏస్తవా అన్నా?”

పాచిక బండ మీద, మల్లేశ్వర్ మోచేతికి జానెడు దూరంలో ఉంది. అతను దాని వంక చూశాడు. సింధుజ కూర్చున్న ముక్కబండల వంక చూశాడు. ఆ పేర్పు ఒక వైపుకు ఒరిగి ఉంది. చాలాసేపటికి వంగి, బల్ల కింద నుంచి ఒక కర్రచెక్క తీసి, పాదంతో ఆ ఒరిగిన వైపు కిందికి తోశాడు. పేర్పు కదలడం మానేసింది.

“సుద్ద ఇటియ్యి,” అన్నాడు షీరీన్‌తో.

అజహరుద్దీన్ ఒక్క నిమిషం కూడా ఆలస్యం చెయ్యలేదు. “తెల్లారింది. వరద తీసింది. గుట్ట మీద అరవైమంది ఆకలితోని ఉన్నరు. గప్పుడు కింది నుంచి ఒక కొత్త మనిషి ఎక్కొస్తుండు. శ్రీశైలం, అది నువ్వే. చెప్పు, నీ దగ్గరేమున్నయ్?”

శ్రీశైలం కాగితం చూసి గబగబా చదివాడు. “కత్తి, డాలు, ముప్పై బంగారు నాణాలు, వారం దినాల రొట్టెలు.”

సింధుజ మోకాళ్ళ మీద లేచి, బండ మీదుగా, తన కుర్చీలో కూర్చున్న మనిషి ముందు చెయ్యి చాపింది.

“అయ్యా, ఫకీరొచ్చిండు. అరవైమంది ఉన్నరు. రొట్టెలు పెట్టు.”

శ్రీశైలం బిక్కమొహం వేసుకుని బావ వైపు చూశాడు. “ఇప్పుడే వచ్చిన గద బావా. అన్నీ ఇయ్యాల్నా?”

మల్లేశ్వర్ సుద్దముక్కతో గుట్ట గీస్తున్నాడు. తల ఎత్తలేదు.

“ఇయ్యి,” అన్నాడు. “ఇయ్యకుంటే టేబులు టేబులు తిరుగుతది.”